మా ఆయన జైల్లో మాల వేసుకున్న ఏడు

మా ఆయన జైల్లో అయ్యప్ప మాల వేసుకుంటానన్నప్పుడు భక్తి అన్న మాట నా బుర్రలోకి రానే లేదు. ఇందులో ఈయనకి ఏం కలిసొస్తుందా అని ఆలోచించాను. ములాఖాత్ గదిలో అద్దానికి అటు ఆయన, ఇటు నేను, చెరో ఫోనూ పట్టుకుని కూర్చున్నాం.

"కార్తీకం ఒస్తుంది గదా. మాల ఏసుకుంట. అర్జీ పెట్టిన," అన్నాడు.

"ఎందుకూ?" అన్నాను.

"ఎందుకేంది? ఏటా ఏసుకునేదే గదా."

ఆయన కళ్ళు నా మీద లేవు, ఫోను తీగ మీద ఉన్నాయి. కళ్ళు తప్పించి చెప్పే మాటని నేను నమ్మను. సూటిగా చూసి చెప్పే మాటని కూడా అంత తొందరగా నమ్మననుకోండి, అది వేరే సంగతి.

ఆయన వ్యాను డ్రైవరు. నల్గొండ వైపు ఊరి నుంచి చిన్నప్పుడే వాళ్ళమ్మతో ఎల్బీ నగర్ వచ్చేశాడు. మాది గుంటూరు వైపు, నాన్న ఉద్యోగం మూలాన వనస్థలిపురంలో స్థిరపడ్డాం. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. అందుకే కష్టం వస్తే పుట్టింట్లో చెప్పుకునే వీల్లేని పెళ్ళి కూడా. ఒక సాయంత్రం పర్మిట్ రూములో గొడవై, పక్క బల్ల మీద మనిషిని సీసాతో కొట్టాడు. ఆ మనిషి బతికాడు, కానీ ఒక కన్ను పోయింది. దానికి ఈయనకి శిక్ష పడింది. నా ఎడమ చెవి సరిగ్గా వినపడదన్న సంగతి ఆ కేసులో ఎక్కడా లేదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. ములాఖాత్‌లో ఫోను కుడి చెవికే పెట్టుకుంటాను.

కాబట్టి నా లెక్క ఇలా నడిచింది. మాల వేసుకుంటే పేరు బాగుపడుతుంది. పేరు బాగుపడితే పెరోల్ ఇస్తారు. పెరోల్ మీద మనిషిని పంపేది ఇంటికి. ఇల్లంటే దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో మేం కిరాయికి ఉంటున్న రెండు గదులు. అందులో నేనూ మా అత్తయ్యా ఉంటున్నాం. ఆయన లోపలికి వెళ్ళినప్పటి నుంచి ఆ గదుల్లో నేను గుండె నిండా ఊపిరి పీలుస్తున్నాను. ఆయన దేవుడి పేరు చెప్పి నా ఇంట్లోకి మళ్ళీ దారి వేసుకుంటున్నాడేమోనని నా భయం.

అనుమానం నా పుట్టుక గుణమని మా అత్తయ్య అంటుంది. కాదు, నా ఉద్యోగం నేర్పింది. నేను మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. చీర పట్టుకుని వస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ చూపించడమే నా పని. ట్యూబ్‌లైటు కింద ఏ రంగైనా ఏ రంగుతోనైనా కలిసినట్టే ఉంటుంది. గడప దాటి ఎండలోకి తీసుకెళ్ళి చూసుకోండమ్మా అని రోజంతా చెప్తుంటాను. కార్తీకం వస్తే స్వాములు నల్లగుడ్డ కోసం వస్తారు. నలుపే కదా అంటారు వాళ్ళు. నలుపులో నీలం కొట్టేది ఉంది, ఎరుపు కొట్టేది ఉంది, రెండు ఉతుకులకి బూడిదయ్యేది ఉంది. బయట ఉన్నన్నాళ్ళూ మా ఆయనకి రంగు దిగని నలుపే ఏరి ఇచ్చేదాన్ని. మనిషి సంగతేమో మాల తీసిన రోజుకే తెలిసిపోయేది.

ఆ రోజుల గురించి చెప్పాలి. నలభై ఒక్క రోజుల దీక్షలో మా ఇల్లు వేరే ఇల్లు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని నడక, చాప మీద పడక. అత్తయ్య విడిగా పొయ్యి కడిగి ఉల్లీ వెల్లుల్లీ లేని వంట చేసేది. ఆయన ఎవరినైనా స్వామీ అని పిలిచేవాడు, చివరికి రోడ్డు మీద బండికి అడ్డం వచ్చినవాణ్ణి కూడా. నన్ను మాతా అనేవాడు. మొదటి ఏడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏళ్ళలో ఆ పిలుపు కోసం ఎదురుచూశాను, సిగ్గు విడిచి చెప్తున్నాను. కొండకెళ్ళి వచ్చాక మాల కన్నతల్లి చేత తీయించుకోవడం మా వాళ్ళ ఆనవాయితీ. అత్తయ్య మాల తీసి దేవుడి పటానికి తగిలించేది. ఆ సాయంత్రానికే వైన్స్ ముందు ఆయన బండి ఆగి ఉండేది.

అంటే బయట మాల వేసుకున్నది తాగుడికి కళ్ళెం వేయడానికి. జైల్లో తాగుడు లేదు కదా, మరి అక్కడ మాలతో పనేమిటి? మెట్రో ఎక్కినా, దుకాణంలో గుడ్డ కొలిచినా నాకు ఇదే ధ్యాస. పైగా లోపల ఒక గురుస్వామి కూడా ఉన్నాడట. యావజ్జీవం పడిన పెద్దాయన. బయట ఉన్న కాలంలో పద్దెనిమిదిసార్లు కొండకెళ్ళాడట. మా ఆయన చాలా గౌరవంగా చెప్పాడు. ఆ గురుస్వామి ఏం చేసి లోపలికొచ్చాడని అడిగాను.

"గయన్ని ఎవరన్న అడుగుతరా?" అని నా మీదే విసుక్కున్నాడు.

మనిషిని చంపిన చేత్తో మాల వేస్తే, సీసాతో కొట్టినవాడి మెడ వేయించుకుంటుంది, బాగానే ఉంది అనుకున్నాను.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆమె పెసలు ఏరుతూ కూర్చుంది. లేచి వచ్చి నా కుడిపక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలన్నా ఆమె అటువైపుకే వచ్చి మాట్లాడుతుంది. కిటికీ గాలి అటు వస్తుంది కాబట్టి అనుకునేదాన్ని.

"మాల ఏసుకుంటడా నా కొడుకు? దేవుడు ఇడిసిపెట్టలే ఆణ్ని," అని కళ్ళు తుడుచుకుంది.

"దేవుడు విడిచిపెట్టకపోతే సరే అత్తయ్యా. జైలువాళ్ళు విడిచిపెడతారేమో చూడండి, అందుకే ఈ వేషం."

"అన్నిట్ల అనుమానమే నీకు! పాలల్ల గూడ సున్నం కలిసిందేమో అని సూస్తవు."

"చూస్తాను. మొన్న మీకు తెచ్చిన పాలు విరిగిపోయాయి కదా," అన్నాను. ఆమె నవ్వలేదు. కొడుకు విషయంలో ఆమెతో పరాచికాలు నడవవు.

తర్వాతి ములాఖాత్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కి, ఉప్పల్‌లో మారి, జైలు దగ్గర దిగేసరికి ఎండ ముదిరింది. లోపలికి వెళ్ళేముందు ఒక వార్డరు వచ్చి జైలరు గారు పిలుస్తున్నారన్నాడు. ఈయన లోపల కూడా ఎవరినైనా కొట్టాడేమో అనుకున్నాను.

జైలరు నడివయసు మనిషి. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మర్యాద చేసే ఆఫీసరంటే నాకు ఇంకా అనుమానం.

"కూసోన్రి అమ్మా. మీ ఆయన మాల కోసం అర్జీ పెట్టిండు. పోయినేడు కొందరు ఏసుకున్నరు. ఒకడేమో పని తప్పించుకుంటందుకు, ఇంకొకడేమో వేరే బ్యారక్‌కు పోతందుకు. పరేషాన్ అయింది మాకు. అందుకే ఈసారి ఇంటోళ్ళను అడుగుతున్నం. మీ ఆయనకు నిజంగనే భక్తి ఉందా? ఇంతకుముందు ఏసుకున్నడా?"

"అందరినీ ఇలాగే అడుగుతారా సార్?"

"రంజాన్ల రోజా ఉంటమన్నోళ్ళ సంగతి గూడ ఇట్లనే అరుసుకుంటం. దేవుని కాడ మాకు ఫరక్ లేదు."

ఆయన భక్తి నిజమో కాదో చెప్పే సాక్షిని నేనట! నన్ను అడిగితే ఆయన మాటలో ఏదీ నిజం కాదు. నాటకం సార్, పెరోల్ కోసం ఆడుతున్నాడు అని ఒక్క మాట అంటే అయిపోతుంది. మాలా ఉండదు, మంచి పేరూ ఉండదు, నా రెండు గదులు నాకే ఉంటాయి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

కానీ ఇంకో ఆలోచన అడ్డుపడింది. మా కాలనీలో మాల వేసుకునే వాళ్ళలో సగం మంది సంగతి నాకు తెలుసు. వ్యాపారం బాగుండాలని వేసుకునేవాడు, పెళ్ళి కుదరాలని వేసుకునేవాడు, పక్కింటివాడు వేసుకున్నాడని వేసుకునేవాడు. వాళ్ళ పెళ్ళాలని పిలిచి, మీ ఆయనకి నిజంగా భక్తి ఉందా అని ఎవరూ అడగరు. గోడ లోపల ఉన్నాడు కాబట్టి ఈయన భక్తికి నా ముద్ర కావాల్సి వచ్చింది. మంచివాడైతేనే దేవుడికి దణ్ణం పెట్టాలంటే గుళ్ళన్నీ ఎప్పుడో ఖాళీ అయ్యేవి. మా ఆయన మీద నాకెంత కోపమున్నా, ఆయనకీ దేవుడికీ మధ్య బంట్రోతులా నిలబడటం నాకు అసహ్యమేసింది.

"భక్తి ఉందో లేదో నాకు తెలీదు సార్," అన్నాను. "ఏటా వేసుకునే మాట నిజం. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ నన్ను కొట్టలేదు. అది కూడా నిజమే."

జైలరు చేతిలో పెన్ను తిప్పడం ఆపాడు.

"మాల వేసుకోనివ్వండి. అది ఆయన ఇష్టం. కానీ మాల వేసుకున్నాడు కదా అని ఇంటికి మాత్రం పంపకండి. అది వేరే సంగతి."

"పెరోల్ అడిగితే పోలీసోళ్ళు మీ తానకు ఒస్తరమ్మా, ఇంట్ల ఉంచుకుంటరా అని అడుగుతరు. గప్పుడు మీరు చెప్పొచ్చు," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి ఆఫీసరు లేడు.

మాలకి అనుమతి వచ్చింది. ఖైదీల తెల్ల బట్టలు మాత్రం మార్చకూడదన్నారు. మెడలో తులసి మాల, భుజాన నల్ల కండువా సరేనన్నారు. తెల్లవారకముందు బ్యారక్ తలుపు తీయరు కాబట్టి, ముందు రోజే బకెట్లో నీళ్ళు పట్టి లోపల పెట్టుకోమన్నారు. స్వాములందరికీ కలిపి విడిగా పప్పన్నం. కండువా గుడ్డ మా దుకాణం నుంచి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఏ నలుపు ఇవ్వాలా అని గట్టిగానే ఆలోచించి, చివరికి రంగు దిగనిదే ఇచ్చాను.

మాలలో ఉన్న ఆయన్ని మొదటిసారి అద్దం వెనక చూసినప్పుడు, అత్తయ్య చేతులు జోడించింది. నేను మాత్రం పరీక్షలు మొదలుపెట్టాను. ఆయనకి కోపం తెప్పించే సంగతులు నాకంటే ఎవరికి బాగా తెలుసు?

"మీ బండి అమ్మేశాను," అన్నాను. అబద్ధం.

"మంచిగ చేసినవ్ మాతా."

"మీ స్నేహితుడు మొన్న దుకాణానికి వచ్చాడు. చాలాసేపు కబుర్లు చెప్పాడు." ఇది పచ్చి అబద్ధం. ఇలాంటి మాటకే ఒకప్పుడు నా చెవి పోయింది.

ఆయన దవడ ఒక్కసారి బిగిసింది. నేను చూశాను. తర్వాత మాల మీద చెయ్యేసి, "స్వామి శరణం," అన్నాడు.

నటన అయితే చాలా మంచి నటన. నటన కాకపోతే ఇన్నేళ్ళూ ఆ చెయ్యి ఆగగలిగి కూడా ఆగలేదన్నమాట. రెండిట్లో ఏది నయమో నాకు తేలలేదు.

దీక్ష సగం దాటాక ఒకసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఉండబట్టలేక అడిగేశాను. "బయట తాగుడు ఆపుకోవడానికి వేసుకున్నారు. ఇక్కడ తాగుడు లేదు. నిజం చెప్పండి, పెరోల్ కోసమేనా?"

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"పెరోల్ ఒస్తే ఒద్దంటనా? కానీ గందుకు కాదు," అన్నాడు. "మాలల ఉన్నప్పుడు నువ్వు నా పక్కపొంటి కూసొని తింటుంటివి. మిగతప్పుడు అన్నం పెట్టి, తలుపు కాడికి పోయి నిలబడుతుంటివి. ఒక కాలు గడప అవతల పెట్టి. నేను లేస్తే ఉరుకుతందుకు. గిట్ల మాల మీద సూస్తే నీకు భయం ఉండదనుకున్న."

బయట ములాఖాత్ కోసం వచ్చిన ఆడవాళ్ళ గోల, పిల్లల ఏడుపు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే క్షణంలో ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నాకు నేను ఒక కథ చెప్పుకుని బతికాను. తాగితే ఒళ్ళు తెలీదు పాపం, ఏం చేస్తున్నాడో తెలిసి చేసే మనిషి కాదు అని. ఒళ్ళు తెలియనివాడికి నా కాలు గడప అవతల ఉందని ఎలా తెలిసింది? అంతా చూశాడు. నేను వణకడం చూశాడు, అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కొట్టాడు. అన్నిటినీ అనుమానించే నేను, అనుమానించాల్సిన ఆ ఒక్కదాన్నీ వదిలేశాను.

"టైమైపోయింది," అని ఫోను పెట్టేశాను. అప్పటికి టైము కాలేదు.

దీక్ష పూర్తయింది. కొండకి పంపరు కాబట్టి జైల్లో ఉన్న చిన్న గుళ్ళోనే స్వాములందరూ నెయ్యాభిషేకం చేయించారట. ఇక మాల తీయాలి. తల్లి చేతి మీదుగా తీయించుకుంటానని ఆయన అడిగాడు. అద్దం ఇవతల నుంచి మాల ఎలా తీస్తారు? జైలరు ఆలోచించి, తన ఆఫీసు పక్క గదిలో కలవనిచ్చాడు. ఒక వార్డరు తలుపు దగ్గర, జైలరు బల్ల పక్కన. అక్కడ అద్దం లేదు. ఆయన జైలుకెళ్ళాక మేమిద్దరం ఒకే గదిలో ఒకే గాలి పీల్చడం అదే మొదటిసారి.

ఆయన గడ్డం పెరిగి, కాస్త చిక్కి, మంచి మనిషిలా ఉన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను, చేయి చాస్తే అందేంత దగ్గర. నాకేం భయం వేయలేదు. అది గమనించి నాకే వింతగా అనిపించింది. అత్తయ్య తాను తెచ్చిన కొబ్బరికాయకి దణ్ణం పెట్టి, ఏదో మనసులో చెప్పుకుని, స్వామి శరణం అంటూ రెండు చేతులతో మాల ఆయన తల మీదుగా తీసింది.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఎందుకా అని చూసుకుంటే నేను ఆయన పక్కన లేను. తలుపు దగ్గర, వార్డరు పక్కన ఉన్నాను. ఎప్పుడు నడిచానో నాకు తెలీదు. నా కుడికాలు గడప అవతల ఉంది.

ఆయన నా కాలు చూశాడు. తల దించుకున్నాడు. "మళ్ళ ఎయ్యమ్మా, ఏసెయ్," అని వాళ్ళమ్మ చేతిలోని మాల అందుకోబోయాడు.

అత్తయ్య ఇవ్వలేదు. మాలని కొంగు చివర మూటగట్టుకుంది. "దానికో లెక్కుంటది కొడుకా," అని మాత్రం అంది.

బయటికొచ్చేటప్పుడు జైలరు నాతో పాటు నాలుగడుగులు నడిచాడు. "పెరోల్ అర్జీ పెట్టుకున్నడమ్మా. పోలీసోళ్ళు ఈ నెలల్నే ఒస్తరు," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆయన అడగాల్సింది ఆ గదిలోనే చూసేశాడు.

ఉప్పల్‌లో బస్సు మారాం. సీట్లు దొరికాయి. నేను ముందు ఎక్కి కిటికీ వైపు కూర్చుంటే, అత్తయ్య నిలబడే ఉంది.

"జర ఇటు జరుగు బిడ్డా. కిటికీ కాడ నేను కూసుంట," అంది.

జరిగాను. ఆమె నన్ను దాటుకుని వెళ్ళి నా కుడిపక్కన కూర్చుంది. అప్పుడు వెలిగింది నాకు. ఆ పక్కకే ఎందుకు వస్తుందో, ఎన్నేళ్ళ నుంచి వస్తుందో.

బస్సు ఎల్బీ నగర్ దాపులకి వచ్చేదాకా ఆమె కొంగు ముడి మీద చెయ్యి తీయలేదు. జిల్లాల నుంచి వచ్చే బస్సులతో చౌరస్తా నిండిపోయి మా బస్సు ఆగిపోయింది. అప్పుడు నా చెవి దగ్గరికి వంగింది.

"పోలీసోళ్ళు అడిగితే ఒద్దని చెప్పు."

నేను అలవాటు కొద్దీ ఆమె కళ్ళలోకి చూశాను. ఈ మాట నన్ను పరీక్షించడానికి అంటోందా, కోపంతో అంటోందా అని. ఆమె చూపు తిప్పుకోలేదు.

"మాల మళ్ళ కార్తీకానికి ఆడికే పంపుదాం. ఏసుకోని, మొక్కుకోని, గది ఆనికీ దేవునికీ. ఇంటికి మాత్రం రానియ్యకు," అంది. "నీకు చెప్పబుద్ధి కాకుంటే, కన్నతల్లే ఒద్దన్నదని చెప్పు."